పదకొండేళ్ల రబ్బరు

మా మూడో వీధిలో పద్నాలుగు మూతల మీద తారు పోయించింది మీరు. నగరపాలక కార్యాలయం రెండో అంతస్తులో ఫ్యాను కింద కూర్చునే మీరు, మీ చేత సంతకాలు పెట్టించే మా కౌన్సిలరు. రోడ్డు మధ్యలో ఆ ఇనప మూతలు అలంకారానికి పెట్టలేదు. వాటి కింద మంచినీళ్ల పైపులకు వాల్వులుంటాయి. ఎక్కడ పైపు చెడినా మూత ఎత్తి, నీళ్లు కట్టేసి, లోపలికి దిగి చూస్తారు. ఎన్నికలొస్తున్నాయి, రోడ్డు నున్నగా కనబడాలి అని ఆ మూతల మీదుగానే రోలరు తోలించారు. రోడ్డు నున్నగానే ఉంది, కాదనను. దాని కింద మంచినీళ్లలోకి మురుగు దిగుతుంటే చూసే దారి మాత్రం లేకుండా పోయింది.

ఆ నీళ్లు తాగి తొమ్మిది ఇళ్లవాళ్లు మంచం పట్టారు. మా మేనకోడలికి ఏడేళ్లు. ఐదు రోజులు ఆసుపత్రిలో సెలైన్ మీద ఉంది. పెదవులు ఎండిపోయి, పిలిస్తే పలకలేదు. ఆ వార్డు నర్సమ్మ గంటగంటకూ వచ్చి చెంచాతో నీళ్లు పట్టించి, దాన్ని మళ్లీ మనిషిని చేసింది. ఆ తల్లి చేతులకు దణ్ణం.

మీ మీద కోపం ఉంది, ఉంటుంది. కానీ ఇది రాస్తున్నది ఆ ఒక్కందుకే కాదు. నాకు కృతజ్ఞత చెప్పడం సరిగ్గా రాదు. తిట్టడమంటే ఉగ్గుపాలతో వచ్చింది. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. ఎవరికి దణ్ణం పెట్టాలో, ఎవరిని నిలదీయాలో చదివినవాళ్లకే తెలుస్తుంది.

నేను ప్రెషర్ కుక్కర్లు, స్టవ్వులు బాగుచేస్తాను. వీధి చివర నాలుగడుగుల వెడల్పు షాపు. గోడ నిండా మేకులు, మేకులకు రబ్బర్లు, విజిళ్లు, పిడులు. అందరూ కుక్కరక్క అంటారు. చేసే పనికి పెట్టిన పేరా, నోటికి పెట్టిన పేరా అని అడిగితే నవ్వి ఊరుకుంటారు. బడిలో చదివింది ఐదో తరగతి. మిగతాదంతా ఆఫీసు గోడల మీద నోటీసులు చదివి, అర్జీలు రాసి, అవి చెత్తబుట్టలోకి పోతే మళ్లీ రాసి నేర్చుకున్నాను. ఈసారి మా వార్డుకు నేనే నిలబడ్డాను. ఏ పార్టీ లేదు. తమ్ముడు, మరదలు, అమ్మ, ఒక పాత మైకు. అదే నా బలగం.

నా ఎదుట ఉన్నది ఆ కౌన్సిలరే, నాలుగుసార్లు గెలిచిన మనిషి. అందుకే ఆయన్ని వెనకాల ‘నాలుగుసార్ల సారు’ అంటాం. మెత్తటి మాట. ఎవరు కనబడ్డా ముందు భుజం మీద చెయ్యి వేస్తాడు. సోమవారం వార్డు హాల్లో మీటింగు పెట్టాడు. నీళ్ల సంగతి నేను లేవదీశాను. ఆయన నవ్వి, నీళ్లు నగరమంతా ఒకటే అమ్మా, మీ వీధికి విడిగా పంపుతామా అన్నాడు. తరవాత నా పక్కన కూర్చున్న మరదలి వైపు తిరిగాడు. ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చింది, జుట్టు కూడా దువ్వుకోలేదు.

“పాపకు పెట్టేముందు చేతులు కడుక్కుంటున్నావా తల్లీ?”

హాలంతా వినబడేలా అడిగాడు. మరదలు తల దించుకుంది. తన రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. ఆ చేతులు చూశాక నాకు కళ్లు కనబడలేదు. లేచి నిలబడి అనేశాను. మా వీధిలో మురుగు ఎక్కడ కలుస్తోందో శుక్రవారం మధ్యాహ్నం మూడింటిలోపు చోటు చూపిస్తాను, చూపించలేకపోతే నామినేషను వెనక్కి తీసుకుంటాను. ఉపసంహరణకు ఆఖరి గడువు సరిగ్గా అప్పటికే. జనం చప్పట్లు కొట్టారు. నాలుగుసార్ల సారు అందరికంటే గట్టిగా కొట్టాడు. అప్పుడర్థమైంది నేనేం చేశానో. కాలు జారితే పట్టుకోవచ్చు. నోరు జారితే పట్టుకునేదేముంది.

బయటికి రాగానే మరదలు నా చెయ్యి పట్టుకుని, “ఎందుకు వదినా అంత మాట, ఇప్పుడా చోటు మనకెలా తెలుస్తుంది?” అంది. నాకూ తెలియదు. తెలియదని మాత్రం దానికి చెప్పలేదు.

మర్నాడు పైపుల మ్యాపు కోసం ఆఫీసుకు పోయాను. మ్యాపుల గదిలో ఒక గుమాస్తా ఉంటాడు, మనిషి సగం ఫైళ్ల వెనకే. నన్ను కూర్చోబెట్టి నకలు తీసి ఇచ్చాడు. ఇస్తూ గొంతు తగ్గించి, ఈ గీతల్ని నమ్ముకోకమ్మా, ఇది వెయ్యాలనుకున్న పైపు, వేసిన పైపు కాదు అన్నాడు. నేను విన్నాను గానీ చెవిన పెట్టలేదు. తొందర. మ్యాపు చేతికొచ్చిందన్న పొగరు కూడా. ఆయనకు ఇప్పుడు చెబుతున్నాను, అయ్యా, మీరు మంచిమాటే చెప్పారు, తప్పు నాదే.

రోడ్డు తవ్వాలంటే అనుమతి కావాలి. అడగ్గానే ఇచ్చారు. అక్కడే అనుమానం రావలసింది. రెండు గుంతలకు మాత్రమే, ఒక్కొక్కటి మీటరు పొడవు మీటరు వెడల్పు, అని ఇంజనీరు రాసిచ్చాడు. కుర్రవాడు, నవ్వు ఆపుకోలేక పెన్ను మూత కొరుకుతున్నాడు. నాలుగుసార్ల సారే ఫోను చేసి ఇమ్మన్నాడట. తవ్వుకోనివ్వండి, వార్డంతా చూడనివ్వండి అన్నాడట.

గురువారం పొద్దున మ్యాపు ప్రకారం మొదటి గుంత తవ్వాం. తమ్ముడు, ఇద్దరు ముగ్గురు వీధివాళ్లు. నాలుగడుగులు దిగాం. పొడి మట్టి. ఒక టెలిఫోను తీగ. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, మాకు ఎలుక కూడా దొరకలేదు. గుంతలో తల వంచుకుని నిలబడ్డ నన్ను ఎవరో ఫొటో తీశారు. మధ్యాహ్నానికల్లా అది ప్రతి ఫోనులోనూ ఉంది. తాను తీసిన గోతిలో తానే పడింది అని కింద రాశారు. ఒప్పుకోవాలి, బాగానే రాశారు.

ఇంకొక్క గుంత మిగిలింది, ఇంకొక్క పూట.

ఆ సాయంత్రం షాపులో కూర్చుని ఎవరిదో స్టవ్వు విప్పుతున్నాను. చేతులు పనిచేస్తున్నాయి, బుర్ర పనిచేయడం లేదు. పైపుల బాబాయి వచ్చాడు. మా వీధివాడే. నీళ్ల శాఖలో ముప్పై ఆరేళ్లు పైపుల పని చేసి రిటైరయ్యాడు. చెవులు దాదాపు పోయాయి. ఆ ఉద్యోగం ఇప్పించింది నాలుగుసార్ల సారు తండ్రి. అందుకే ఎన్నిక వస్తే చాలు, ముందుగా బ్యానరు కట్టేది బాబాయి ఇంటి పిట్టగోడకే. ఈసారీ కట్టాడు. నేను నిలబడ్డప్పటి నుంచీ ఆయన నా షాపు ముందు నుంచి నడవడం మానేసి, అవతలి వైపు నుంచి పోతున్నాడు.

చేతిలో కుక్కరు. మూత కారుతోంది, పిన్నమ్మ చూపించుకు రమ్మంది అన్నాడు. మూత తీసి రబ్బరు బయటికి లాగాను. గట్టిపడి, పగుళ్లిచ్చి, వంచగానే రెండు ముక్కలైంది. కొత్తది వేస్తుంటే అడిగాడు, ఈ రబ్బరు ఎన్నాళ్లుంటుంది అని. వేడిలో ఏడాది, మహా అయితే రెండేళ్లు అని వేళ్లతో చూపించాను.

“నీళ్లలో అయితే?”

“ఏ నీళ్లను బట్టి బాబాయ్.”

“మురుగులో. సైకిలు ట్యూబు రబ్బరు. పదకొండేళ్లు.”

నా చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. చెవిటివాళ్లు రహస్యం కూడా కేకలు పెట్టే చెబుతారు కదా. ఎదుటి కొట్టువాడికి కూడా వినబడేలా చెప్పాడు. పదకొండేళ్ల కిందట మా వీధి మురుగుకాలవ వెడల్పు చేశారు. పైపు జరపకుండానే కాలవ జరిపారు. మంచినీళ్ల పైపు కాలవలోకి వచ్చి పడింది, అతుకు దగ్గర కారడం మొదలెట్టింది. కొత్త పైపు వారంలో వస్తుంది, అందాకా ఏదో ఒకటి చెయ్యమని పైవాళ్లు చెప్పారు. బాబాయి తన సైకిలు ట్యూబే కోసి, అతుకు చుట్టూ చుట్టి, తీగతో బిగించాడు. రిజిస్టరులో ‘తాత్కాలికం’ అని రాశాడు. మూడుసార్లు గుర్తుచేశాడు. తరవాత ఆయన్ని వేరే డివిజనుకు వేశారు. మార్చేసి ఉంటారులే అనుకున్నాడు.

“నీ ఫొటో చూశానమ్మాయ్. నువ్వు తవ్వింది తప్పు చోటు. సరైన చోటు ఇక్కడుంది అని చెప్పాలంటే, ముందు ఆ కట్టు కట్టింది నేనేనని చెప్పాలి. మధ్యాహ్నం నుంచి అన్నం దిగడం లేదు.”

ఎక్కడో చెప్పు బాబాయ్ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ మూత దగ్గర అనేది గుర్తుంది, ఆ మూత ఎక్కడుందో ఇప్పుడు తెలియదు. రోడ్డు అడుగు ఎత్తు లేచింది, అరుగులు ముందుకొచ్చాయి, గుర్తులన్నీ తారు కింద పోయాయి. వినాలి, అన్నాడు. ఈయనేం వింటాడు అనుకున్నాను. నా మొహం చూసి కనిపెట్టేశాడు.

“చెవులు పోయాయి, పళ్లున్నాయి. ఇనప చువ్వ కరిచిపడితే కింద నీళ్ల అదురు పళ్లకు తెలుస్తుంది. కానీ పైపులో నీళ్లు వచ్చేటప్పుడు వీధిలో ఒక్క కుళాయి కూడా తెరవకూడదు. ఒక్కటీ. అప్పుడూ నీళ్లు పరిగెడుతున్నాయంటే, అవి పరిగెడుతున్న చోటే పగులు.”

మాకు నీళ్లు వచ్చేది రోజుకు రెండు గంటలు. పొద్దున ఆరు నుంచి ఎనిమిది. ఆ రెండు గంటలే నలభై రెండు ఇళ్లకు స్నానం, వంట, బట్టలు, అన్నీ. ఆ నీళ్లు వదులుకోమని అడగడమంటే నోట్లో ముద్ద తీసి పెట్టమనడమే. పొద్దు ఉండగానే నేనూ మరదలూ చెరో వైపు నుంచి తలుపులు తట్టాం. తిడతారనుకున్నాను. కొందరు తిట్టారు కూడా. కౌన్సిలరు పార్టీ జెండా కట్టిన ఇంటామె నన్ను కిందికీ పైకీ చూసి, ఓటు సంగతి అడక్కు, కుళాయి సంగతైతే సరే అంది. మరదలు వెళ్లిన వైపు ఒక్కరూ కాదనలేదట. దాని చేతులు అడిగి ఉంటాయి, నా నోరు అడగలేని పని.

శుక్రవారం పొద్దున ఆరింటికి బాబాయి ఐదడుగుల ఇనప చువ్వతో వచ్చాడు. ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు, ఉద్యోగంలో ఉన్నప్పటిది. బళ్లు ఆపించాడు, మిక్సీలు ఆపించాడు. చువ్వ ఒక కొస రోడ్డుకు ఆనించి, రెండో కొస పళ్ల మధ్య పెట్టి కరిచి, కళ్లు మూసుకున్నాడు. వీధంతా గుమ్మాల్లో నిలబడింది, చేతుల్లో ఖాళీ బిందెలతో. అంత మంది ఉండగా అంత నిశ్శబ్దం నేను మా వీధిలో ఎప్పుడూ వినలేదు.

నాలుగు అడుగులకోసారి ఆగుతున్నాడు. ఐదోసారి చువ్వ నోట్లోంచి తీసి మొహం చిట్లించాడు. ఎవరో డ్రమ్ము నింపుతున్నారు, ఎడం వైపు, మూడో ఇల్లు అన్నాడు. అందరూ ఎడం వైపు మూడో ఇంటి వైపు చూశారు. అది మా ఇల్లు. పరిగెత్తాను. మా అమ్మ, నలభై ఏళ్ల అలవాటు కొద్దీ, ఆరు కాగానే గొట్టం డ్రమ్ములో వేసి తీరిగ్గా నిలబడి ఉంది. ఇదేంటమ్మా అంటే, “నువ్వు ఊళ్లోవాళ్లకు చెప్పావు గానీ నాకెక్కడ చెప్పావే?” అంది. నిజమే, చెప్పలేదు. నలభై ఒక్క తలుపులు తట్టి మా తలుపు మరిచిపోయాను. వీధి వీధంతా నవ్వింది. మూడు వారాలుగా జ్వరాలూ కషాయాలూ తప్ప ఏమీ ఎరగని వీధి. నా మీదే నవ్వారు, అయినా చల్లగా అనిపించింది.

అమ్మ కుళాయి కట్టేసింది. బాబాయి మళ్లీ మొదలుపెట్టాడు. ఈ చివర నుంచి ఆ చివరికి, మళ్లీ వెనక్కి. ఒకచోట మూడుసార్లు ఆగాడు. మూడోసారి చువ్వ తియ్యలేదు. కరిచిపట్టుకునే నిలబడ్డాడు. తరవాత సుద్దముక్క అడిగి, తారు మీద గుండ్రంగా గీత గీశాడు. అది ఆయన సొంత గుమ్మానికి ఆరడుగుల దూరం. పైన పిట్టగోడ మీద బ్యానరులో నాలుగుసార్ల సారు చేతులు జోడించి నవ్వుతున్నాడు.

రెండో గుంత. ఆఖరిది. తారు పగలగొట్టారు. అడుగు లోతులో ఇనప మూత ఖణేల్మంది. గునపం ఎవరు ఎవరి చేతిలోంచి తీసుకుంటున్నారో చూడలేదు, మనుషులు మారుతూనే ఉన్నారు. జెండా ఇంటామె కొడుకు కూడా దిగాడు. మూడడుగులకు తడి, తరవాత వాసన. ఎనిమిదికి పది నిమిషాలుండగా కాలవ గోడ, దాన్ని చీల్చుకుని వెళ్తున్న మా మంచినీళ్ల పైపు కనబడ్డాయి. అతుకు చుట్టూ తుప్పుపట్టిన తీగ. తీగ కింద రబ్బరు. బాబాయి గుంతలోకి దిగి వేలితో తాకాడు. తడిసిన కాగితంలా ఊడి వచ్చింది. పగుల్లోంచి తెల్లటి నీళ్లు కాలవలోకి చిమ్ముతున్నాయి.

సరిగ్గా ఎనిమిదింటికి సరఫరా ఆగింది. చిమ్మడం తగ్గింది, ఆగింది. తరవాత కాలవలోని నల్లనీళ్లు, ఎవరో పిలిచినట్టు, మెల్లగా ఆ పగుల్లోకి వెళ్లడం మొదలెట్టాయి. పైపు తాగుతోంది. మేం వంగి చూస్తూనే ఉన్నాం. మరదలు గుంత పక్కన కూర్చుని, చేతులు చాచి ముందుకూ వెనక్కూ తిప్పి చూసుకుంది. చేతులు శుభ్రంగానే ఉన్నాయి వదినా, అంది. అప్పుడు ఏడ్చింది.

తొమ్మిదింటికి ఇంజనీరు టేపుతో వచ్చాడు. ఈసారి పెన్ను మూత కొరకలేదు. గుంతలోకి చూసి, జోళ్లు విప్పి కిందికి దిగాడు. దిగినందుకు అతనికీ నా ధన్యవాదాలు. పదింటికి నాలుగుసార్ల సారు వచ్చాడు. అందర్నీ దాటుకుని బాబాయి దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాడు. మా నాన్న నిన్ను ఇంటి మనిషిలా చూశాడు, నువ్వు కూడానా అన్నాడు. బాబాయికి వినబడలేదు. ఇంకోసారి అడగాల్సి వచ్చింది, కేక పెట్టి, వీధివాళ్లందరి ముందూ. బాబాయి చువ్వకు ఆనుకుని నిలబడి చెప్పాడు.

“నా ఓటు మీకే బాబూ. ఎప్పుడూ మీకే వేశాను, ఈసారీ వేస్తాను. కానీ పైపు పగిలింది. కట్టు కట్టింది నేను, మార్చనిది మీరు. రెండూ రాసుకోండి.”

భుజం మీద చెయ్యి తీసేశాడు ఆయన.

మూడు గంటలకు నేను ఎన్నికల ఆఫీసుకు పోలేదు. నా నామినేషను అక్కడే ఉంది. ఉంటుంది. గెలుస్తానో లేదో తెలియదు. బాబాయి ఓటు నాకు రాదని మాత్రం తెలుసు. ఆయన బ్యానరు తియ్యలేదు, నేనూ తియ్యమనలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. మూడు వారాలు రెండో అంతస్తులో చెవులున్నవాళ్ల ముందు ఊదాను. విన్నది మాత్రం ఈయన. తన పేరు తానే బయటపెట్టుకుని, తన గుమ్మం ముందు తానే గీత గీసి, నా ఎదుటివాడికి ఓటు వేస్తానని చెబుతూనే మా పిల్లల్ని కాపాడాడు. బాబాయ్, నీకెలా దణ్ణం పెట్టాలో నాకు తెలియడం లేదు. ఆ పూట నలభై రెండు ఇళ్లు ఒక్క బిందె నింపుకోకుండా, స్నానాలు లేకుండా పనులకు పోయాయి. వాళ్లలో సగం మంది నాకు ఓటు వెయ్యరు. వాళ్లందరికీ కూడా.

నాలుగింటికి మీ మనుషులు ఒక ఇనప క్లాంపు తెచ్చారు. దాన్ని బిగించేసి సాయంత్రానికల్లా గుంత పూడ్చి తారు పోసేస్తాం అన్నారు. మళ్లీ తాత్కాలికమే కదా అంటే నేల చూపులు చూశారు. అప్పటి నుంచి ఈ గుంత అంచున కూర్చుని ఉన్నాను. వంతులవారీగా వీధి నా పక్కన కూర్చుంటోంది. ఇది గుంత పక్కన కూర్చునే రాస్తున్నాను.

వినండి. ఆ పైపులోకి ఇంకొక్క చుక్క నీళ్లు వదలకండి. రేపు పొద్దున ఆరింటికి మా వీధికి మంచినీళ్ల ట్యాంకరు రావాలి, పైపు బాగయ్యేదాకా రోజూ రావాలి. కాలవలోంచి పైపు పూర్తిగా తీసి, కొత్తది కాలవకు దూరంగా, ఎత్తుగా వెయ్యండి. తారీఖు రాసి, సంతకం పెట్టి, కాగితం మా చేతికివ్వండి. మీ నీళ్ల శాఖ నుంచి ఇద్దరు మనుషుల్ని పైపుల బాబాయి దగ్గరికి పంపండి, ఆయన పళ్లుండగానే ఆ చువ్వతో వినడం నేర్చుకోమనండి. అంతవరకు ఈ గుంతలో పిడికెడు మట్టి కూడా పడడానికి వీల్లేదు. ముందు ట్యాంకరు పంపండి.